కార్డు ఉంటే డబ్బున్నట్టు కాదు

చివరి సెమిస్టర్ పరీక్షలు అయిపోయాయి. ఆఫర్ లెటర్ మెయిల్‌లో భద్రంగా ఉంది. జాయినింగ్ తేదీ ఎప్పుడో మాత్రం ఆ కంపెనీకే తెలియాలి. సరిగ్గా ఇలాంటప్పుడే వాట్సాప్ గ్రూపులో ఎవడో ఒకడు మొదలుపెడతాడు: ‘‘వియత్నాం పోదాం రా. ఉద్యోగంలో చేరాక మళ్లీ ఎప్పుడు కుదురుతుందో!’’ వాడు చెప్పేదాంట్లో అబద్ధమేం లేదు. వెళ్లండి. నేనూ అలా వెళ్లొచ్చినవాణ్నే.

వెళ్లొచ్చానని తెలిశాక జూనియర్లు నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే. ‘‘అన్నా, మొత్తం ఎంతవుతుంది?’’ అక్కడ డబ్బు చేతికి ఎలా వస్తుందని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. నన్నడిగితే మొదటిదాని కంటే ఈ రెండోదే అసలు ప్రశ్న. ముగ్గురి ఖాతాల్లో కలిపి లక్ష రూపాయలకు పైగా ఉండి కూడా, ఒక కొండ ఊళ్లో తిన్న అన్నానికి డబ్బులివ్వలేక తల దించుకుని కూర్చున్నవాళ్లలో నేనొకణ్ని.

మన తరానికి ఒక చిక్కుంది. ఇంటర్ నుంచీ యూపీఐ తప్ప మరొకటి తెలియదు. టీ కొట్టు దగ్గర పది రూపాయలు, ఆటోకి నలభై, హాస్టల్ ఫీజు పాతిక వేలు... అన్నిటికీ అదే ఫోను, అదే పిన్ను. డబ్బంటే స్క్రీన్ మీద కనబడే అంకె అని అలవాటైపోయింది. ఆ అంకెను నోట్లుగా మార్చాలంటే మధ్యలో ఒక మిషన్, ఒక నెట్‌వర్క్, ఒక ఓటీపీ, ఏదో బ్యాంకు అనుమతి కావాలన్న సంగతి, అవి లేనిచోటికి వెళ్లేదాకా గుర్తుకు రాదు.

మాకు గుర్తొచ్చింది మియో వాక్‌లో. వియత్నాం ఉత్తరాన, చైనా సరిహద్దును ఆనుకుని ఉన్న హా జియాంగ్ కొండ ప్రాంతంలో అదొక చిన్న పట్నం. దోంగ్ వాన్ నుంచి మా పీ లెంగ్ కనుమ మీదుగా అక్కడికి దారి. కింద లోయలో న్యో క్వే నది ఆకుపచ్చ దారంలా కనిపిస్తుంది. పట్నానికి అవతల ఒక హ్మాంగ్ కుటుంబం నడిపే హోమ్‌స్టేలో దిగాం. రెండు రాత్రులు, ముగ్గురం, భోజనాలతో కలిపి మొత్తం సుమారు 18 లక్షల డాంగ్‌లు. భయపడకండి, మన లెక్కలో అది ఆరు వేలకు కాస్త ఎక్కువ. అక్కడ ఒక్క రూపాయికి సుమారు 300 డాంగ్‌లు. ధర వినగానే చివరి మూడు సున్నాలు తీసేసి, మూడుతో గుణించి, పైన ఇంకొంచెం వేసుకుంటే రూపాయల్లోకి వచ్చేస్తుంది.

మూడో రోజు ఉదయం లెక్క చూసుకుంటే ముగ్గురి దగ్గరా కలిపి నాలుగు లక్షల డాంగ్‌లు కూడా లేవు. సరేలే, పట్నంలో ఏటీఎం ఉంది కదా అనుకున్నాం. ఉంది. నా కార్డు కాలేజీలో చేరినప్పుడు తెరిచిన ఖాతా తాలూకు మామూలు రూపే కార్డు. అది మన దేశంలో వాడకానికి ఇచ్చింది. విదేశాల్లో పనిచేసేది రూపే గ్లోబల్ రకం, అది కూడా డిస్కవర్, డైనర్స్ క్లబ్ లాంటి నెట్‌వర్కులు తీసుకునే చోటే. మిషన్ నా కార్డును లోపలికి తీసుకున్నంత మర్యాదగానే బయటికి పంపేసింది. రెండోవాడి కార్డు వీసా. వాడు ధీమాగా ముందుకెళ్లాడు. లావాదేవీ తిరస్కరణ. మూడోవాడికి అసలు కార్డే లేదు, ‘మీ ఇద్దరికీ ఉంది కదా’ అని వచ్చాడు.

ఆ వీసా కార్డుకు ఏమైందో అప్పుడు మాకు తెలియదు. మీరు ఇప్పుడే తెలుసుకోండి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 2020 అక్టోబరు నుంచి కొత్తగా ఇచ్చే కార్డులన్నీ దేశంలోని ఏటీఎంలు, స్వైప్ మిషన్లలో మాత్రమే పనిచేసేలా వస్తాయి. విదేశీ వాడకాన్ని కార్డు సొంతదారే ఆన్ చేసుకోవాలి. బ్యాంకు యాప్‌లో అదొక చిన్న మీట, అంతే. కానీ అది నొక్కాలంటే యాప్ తెరుచుకోవాలి. మావాడు హనోయ్ విమానాశ్రయంలో స్థానిక సిమ్ వేసుకుని, ఇండియా సిమ్‌ను పర్సులో పెట్టుకున్నాడు. రిజిస్టర్ అయిన సిమ్ ఫోన్లో కనిపించకపోయేసరికి యాప్ లోపలికే రానివ్వలేదు. సిమ్ మార్చాడు. ఈసారి ఓటీపీ కావాలంది. రోమింగ్ ప్యాక్ వేసుకోలేదు కాబట్టి ఓటీపీ రాలేదు. రోమింగ్ వేసుకుందామంటే దానికీ డబ్బు కట్టాలి. మర్రి ఊడల్లా ఒకదాన్నుంచి ఒకటి.

చివరికి హోమ్‌స్టే వైఫైలో విజయవాడలో ఉన్న వాళ్లక్కకు కాల్ చేస్తే, ఆవిడే ఇంటి నుంచి వాడి నంబరుకు రోమింగ్ ప్యాక్ వేయించింది. సిగ్నల్ ఎక్కి, ఓటీపీ వచ్చి, మీట ఆన్ అయ్యేసరికి అర్ధరాత్రి దాటింది. మర్నాడు పొద్దున్నే పట్నానికి పోయి డబ్బు తీసుకొచ్చాం. ముందే టికెట్ కొన్న హనోయ్ బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది.

ఇదంతా ఇప్పుడు నవ్వుకుంటూ చెప్పుకునే కథే. నవ్వు రానిది మరొకటుంది. ఆ హోమ్‌స్టే ఇల్లాలు. ఆమె గోడకు అంటించిన క్యూఆర్ చూపించింది. అక్కడి సంతలో కూరగాయలమ్మే ముసలమ్మ దగ్గరా క్యూఆర్ ఉంది, కాకపోతే అది వియత్నాం బ్యాంకు ఖాతాలకు ముడిపడినది. మన ఫోన్‌పే, గూగుల్‌పేలకు అది ఉత్త ముగ్గు. పాస్‌పోర్టు తాకట్టుగా ఉంచుకోమన్నాం. తల అడ్డంగా ఊపింది. ఆ రాత్రి కూడా గది ఇచ్చి, అన్నం పెట్టి, ఇంకో రెండు గిన్నెలు కూర ముందుకు జరిపింది. ఆ కూరకు తెచ్చిన మాంసం ఆమె డబ్బుతో కొన్నది. మా ముగ్గురిలో ఒక్కొక్కడి వీపున ఉన్న బ్యాగు ధరతో ఆమె ఎన్నాళ్లు ఇల్లు నడుపుతుందో! అలాంటి మనిషి దగ్గర మేం ఒకరోజు అప్పున్నాం. అదీ డబ్బు లేక కాదు, అయిదు నిమిషాల పని చేసుకోక.

అందుకే నాకు ఈ విషయంలో కొంచెం గట్టి అభిప్రాయమే ఉంది. పల్లెలో నగదు లేకుండా తిరగడం సాహసం కాదు. మన బద్ధకం ఖర్చును మనకన్నా తక్కువ ఉన్నవాళ్ల నెత్తిన వేయడం. ఇది విదేశాల సంగతే కాదు. అరకు దారిలో బొంగు చికెన్ తినేసి, ‘‘నెట్ రావట్లేదక్కా, కిందికెళ్లాక వేసేస్తా’’ అని బండెక్కేసేవాళ్లను మీరూ చూసుంటారు. కిందికెళ్లాక ఎందరు వేశారో ఆ అక్కకే తెలుసు.

మరి ఏం చేయాలి? పెద్ద ఫైనాన్స్ కోర్సు అక్కర్లేదు. మా నానమ్మ డబ్బు ఎక్కడెక్కడ పెట్టేదో గుర్తు చేసుకుంటే చాలు. పోపుల డబ్బాలో కొంత, బీరువాలో పట్టుచీర మడతలో కొంత, కొంగున ముడేసుకుని కొంత. ఒకచోట పోయినా ఇంకోచోట ఉంటుంది. ఒకటి రోజువారీకి, ఒకటి పండక్కి, ఒకటి ఆపదకు. మీ ప్రయాణానికీ అంతే.

కొంగున ముడి అంటే స్థానిక నగదు. పట్నం వదిలి పల్లెదారి పట్టేముందే తీసుకోవాలి. అక్కడెన్ని రోజులుంటారో లెక్కేసి, దానికి రెండు రోజుల ఖర్చు కలుపుకోండి. కొండచరియ విరిగి దారి మూసుకుపోవడం, జ్వరమొచ్చి ఆగిపోవడం మామూలే. వియత్నాంలో చాలా ఏటీఎంలు ఒక్కసారికి 20, 30 లక్షల డాంగ్‌లకు మించి ఇవ్వవు. విదేశంలో తీసిన ప్రతిసారీ అక్కడి బ్యాంకు ఫీజు, మన బ్యాంకు ఫీజు విడివిడిగా పడతాయి. రెండూ కలిపి తీసిన ప్రతిసారీ 300 రూపాయలు అనుకుందాం. పది వేలు ఒకేసారి తీస్తే పోయేది 300. రెండేసి వేల చొప్పున అయిదుసార్లు తీస్తే 1,500. అవసరమైనప్పుడల్లా కొంచెం కొంచెం తీసుకోవడం జాగ్రత్త అనుకుంటాం కానీ, అది ఆ జాగ్రత్తకు కట్టే కిరాయి. దీని పైన మారకం మార్కప్ 2 నుంచి 3.5 శాతం దాకా ఉంటుంది. మీ బ్యాంకు ఎంత తీసుకుంటుందో ముందే చూసుకోండి.

మిషన్ దగ్గర ఇంకో ఉచ్చు ఉంది. తెర మీద ‘మీ రూపాయల్లోకి మార్చి చూపించమంటారా?’ అన్నట్టు ఒక ప్రశ్న వస్తుంది. ఎంత తీస్తున్నామో రూపాయల్లో తెలుస్తుంది కదా అని సరే అంటాం. ఆ మారకం రేటు ఆ మిషన్ వాళ్లు వేసేది, దాదాపు ఎప్పుడూ మనకు నష్టమే. కన్వర్షన్ వద్దనే చెప్పండి, స్థానిక కరెన్సీలోనే తీయండి. దుకాణంలో కార్డు గీకినా ఇదే మాట.

నోట్లు చేతికొచ్చాక వెంటనే వేరు చేసుకోవాలి. వియత్నాంలో 20 వేల నోటూ, 5 లక్షల నోటూ రెండూ నీలం రంగే. చీకట్లో, తొందరలో కొబ్బరిబోండానికి 20 వేలు అనుకుని 5 లక్షలు ఇచ్చేవాళ్లు ఎందరో. అంటే 70 రూపాయల చోట సుమారు 1,700. పెద్ద నోట్లు వేరే జేబులో పెట్టడం తప్ప దీనికి మందు లేదు.

పట్టుచీర మడత అంటే డాలర్లు. కొన్ని 100 డాలర్ల నోట్లు, కొన్ని చిన్నవి. మన దగ్గర రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్న మనీ ఛేంజర్ల దగ్గరే కొనండి. విమానాశ్రయం కౌంటర్లో కాదు, ఊళ్లోనే, నాలుగు చోట్ల రేటు కనుక్కుని. చాలా దేశాలకు ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల దాకా నోట్ల రూపంలో తీసుకోవచ్చు, మనకు అందులో పదోవంతు చాలు. నోట్లు తీసుకునేటప్పుడు మొహమాటపడొద్దు. చిరుగు, గీత, సిరా మరక, ముద్ర ఏది కనిపించినా మార్చమనండి. ఆగ్నేయాసియాలో మాసిన డాలర్ నోటును తీసుకోరు, తీసుకున్నా ధర తగ్గిస్తారు.

ఆ డాలర్లు మార్చేచోటు కూడా చూసుకోవాలి. హనోయ్‌లో హా ట్రంగ్ వీధిలోని బంగారు దుకాణాలు ఈ పనికి పేరుపడ్డవి. బ్యాంకు కంటే నాలుగు డాంగ్‌లు ఎక్కువిస్తారని అందరూ అక్కడికే పరిగెడతారు. కానీ వియత్నాం చట్టం ప్రకారం లైసెన్సు ఉన్నచోటే మార్చాలి. 2018లో కాన్ థో నగరంలో ఒక ఎలక్ట్రీషియన్ లైసెన్సు లేని బంగారు దుకాణంలో 100 డాలర్లు మార్చుకున్నందుకు 9 కోట్ల డాంగ్‌ల జరిమానా పడింది. మార్చింది 23 లక్షల డాంగ్‌ల లోపే! గగ్గోలు పుట్టాక దాన్ని మాఫీ చేశారనుకోండి. మనకోసం అక్కడ ఎవరు గగ్గోలు పెడతారు?

ఇక పోపుల డబ్బా అంటే రెండో కార్డు. వేరే బ్యాంకుది, వేరే నెట్‌వర్కుది, వేరే సంచిలో. ఒకరి కార్డు మీద ముగ్గురు బతకడం స్నేహం కాదు. రెండో ఖాతా లేకపోతే ప్రీపెయిడ్ ఫారెక్స్ కార్డు తీసుకోండి. డాంగ్, కిప్ లాంటివి అందులో ఉండవు కాబట్టి డాలర్లు లోడ్ చేసుకోవాలి, అక్కడ మారేటప్పుడు కొంత పోతుంది. అయినా పోగొట్టుకుంటే అందులో వేసిన మేరకే పోతుందన్న నిశ్చింత ఉంది. మీరు అక్కడ చిక్కుపడితే నాన్న ఇంటి దగ్గర్నుంచి దాంట్లో డబ్బు వేయగలరా లేదా అన్నది కొనేటప్పుడే అడగండి. ఎందుకంటే ‘ఏదైనా అయితే మనీ ట్రాన్స్‌ఫర్‌లో పంపిస్తారులే’ అని చాలామంది ధైర్యం. మన వీధుల్లో కనిపించే ఆ మనీ ట్రాన్స్‌ఫర్ కౌంటర్ల పథకం బయటి నుంచి వచ్చే డబ్బు ఇవ్వడానికే తప్ప ఇక్కణ్నుంచి బయటికి పంపడానికి కాదు. గల్ఫ్ నుంచి మామయ్య పంపితే మీ ఊళ్లో వస్తుంది. మీ ఊరి నుంచి మియో వాక్‌కు పోదు.

క్రెడిట్ కార్డు ఉంటే దాన్ని ఆస్పత్రి కోసమో విమానం టికెట్ కోసమో దాచండి. దానితో ఏటీఎంలో నగదు తీస్తే ఫీజు మాత్రమే కాదు, ఆ రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. బిల్లు తేదీ దాకా ఆగడం ఉండదు.

వియత్నాం వద్దు, నేపాల్ వెళ్తామంటారా? దగ్గర, వీసా లేదు, మన 100 వాళ్ల 160. 2024 నుంచి అక్కడి ఫోన్‌పే దుకాణాల్లో (పేరొకటే, ఇది నేపాల్ కంపెనీ) మన యూపీఐ కూడా నడుస్తోంది. కాఠ్‌మాండూ, పోఖరాల్లో హాయిగా గడిచిపోతుంది. కానీ ఎవరెస్ట్ దారిలో నామ్చే బజార్ దాటాక ఏటీఎం మీద ఆశ పెట్టుకోవద్దు. అక్కడికి ప్రతి వస్తువూ మనుషులూ జడలబర్రెలూ మోసుకెళ్లాల్సిందే, అందుకే ఎత్తు పెరిగేకొద్దీ ధర పెరుగుతుంది. వేడినీళ్లకు డబ్బు, ఫోన్ ఛార్జింగ్‌కు డబ్బు. ఛార్జింగ్‌కే డబ్బు కట్టే చోట ఫోన్‌లోని డబ్బును నమ్ముకోవడం ఎంత విడ్డూరమో చూడండి. మన 100 దాటిన నోట్ల మీద అక్కడ ఏళ్ల తరబడి ఆంక్షలుండేవి, నిబంధనలు మారుతుంటాయి, బయల్దేరేముందు ఒకసారి చూసుకోవాలి. లావోస్‌లో నామ్ ఊ నది మీద మువాంగ్ ఙోయ్ లాంటి ఊళ్లకు వెళ్తే, నాంగ్ ఖియావ్‌లోనే నగదు తీసుకుని పడవెక్కండి.

పండగలు కూడా చూసుకోండి. నేపాల్‌లో దసరా, లావోస్‌లో ఏప్రిల్ మధ్యలో వాళ్ల కొత్త సంవత్సరం, వియత్నాంలో జనవరి ఆఖర్లోనో ఫిబ్రవరిలోనో వచ్చే టెట్. బ్యాంకులు మూతపడతాయి, మిషన్లు ఖాళీ అవుతాయి. సంక్రాంతికి మన ఊళ్లో ఏటీఎం ఎలా ఉంటుందో తెలుసు కదా.

ఇప్పటిదాకా చెప్పింది అక్కడి డబ్బు. ఇక్కడి డబ్బు గురించి కూడా ఒక మాట, ఎందుకంటే ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్నవాళ్లకు ఇదే ముఖ్యం. నేను వెళ్లింది నాన్న చిట్టీ పాడి ఇచ్చిన 60 వేలతో. మేం హనోయ్ చేరిన రోజునే జాయినింగ్ మెయిల్ వచ్చింది. పన్నెండు రోజుల్లో బెంగళూరులో రిపోర్ట్ చేయాలి. అప్పటికి నా దగ్గర మిగిలింది 2,300. పీజీ అడ్వాన్సు, మొదటి నెల అద్దె, రైలు టికెట్, రెండు జతల ఫార్మల్స్, జీతం పడేదాకా భోజనం. అన్నీ జీతానికి ముందే వస్తాయి, జీతం మాత్రం నెలాఖరుకు గానీ రాదు. మళ్లీ నాన్నకే ఫోన్ చేశాను. ఆయన తిట్టలేదు. ‘‘ఎంత కావాల్రా?’’ అన్నారు. చిట్టీ పాడేశాక ఆయన దగ్గర ఏమీ ఉండదని నాకు తెలుసు. ఎక్కడ తెచ్చారో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

కాబట్టి నా మాట వింటే, టికెట్ బుక్ చేసేముందు కొత్త ఊళ్లో నెలన్నర బతకడానికి కావాల్సిన డబ్బు వేరే ఖాతాలో పడేయండి. ఆ ఖాతా కార్డును ఇంట్లో పెట్టి వెళ్లండి. అది పక్కన పెట్టాక మిగిలేది వియత్నాంకు సరిపోకపోతే హంపీకి వెళ్లండి, గోకర్ణకు వెళ్లండి. జాయినింగ్ తేదీ రాకముందే ఈఎంఐ మీద ట్రిప్పు కొట్టడం మాత్రం వద్దే వద్దు. ఆఫర్ లెటర్ చేతిలో పట్టుకుని నెలల తరబడి ఎదురుచూసిన సీనియర్లు మీ కాలేజీలోనూ ఉండే ఉంటారు, వాళ్లనడగండి. ట్రావెలింగ్ వల్ల లీడర్‌షిప్ వచ్చిందని రెజ్యూమేలో రాసుకోమని కూడా నేను చెప్పను. ఇంటర్వ్యూ చేసేవాళ్లు అలాంటివి చాలా చదివుంటారు.

బయల్దేరే వారం ముందు మాత్రం ఒక సాయంత్రం కూర్చోండి. కార్డుల్లో విదేశీ వాడకం ఆన్ చేసి, రోజువారీ పరిమితి పెట్టుకోండి. ఇండియా సిమ్ ఫోన్లోనే ఉంచి, స్థానికానికి ఈసిమ్మో రెండో స్లాటో వాడండి. చిన్న రోమింగ్ ప్యాక్ వేసుకోండి. కార్డు పోతే ఫోన్ చేయాల్సిన బ్యాంకు నంబర్లు కాగితం మీద రాసుకోండి, ఫోన్ కూడా పోవచ్చు కదా. ఇంట్లో ఒకరికి మీ దారి చెప్పి, ఫలానా రోజుల్లో సిగ్నల్ ఉండదని ముందే చెప్పండి. లేకపోతే అమ్మ రెండు రోజులు అన్నం తినదు.

మర్నాడు మేం తెచ్చిన డబ్బులో హోమ్‌స్టే ఆమెకు మూడో రాత్రి ఖర్చు కలిపి, పైన రెండు లక్షల డాంగ్‌లు వేసి ఇచ్చాం. ఆమె నోట్లన్నీ నేల మీద పరిచి లెక్కపెట్టుకుంది. రెండు లక్షలు తీసి మా చేతిలో పెట్టి, దారిలో తినమని ఉడికించిన మొక్కజొన్న పొత్తులు మూడు సంచిలో వేసింది.